యానాం బీరూ, మా ఆయన మరదలూ

నేను కాపురానికి వచ్చిన ఊరు మురమళ్ళకి దగ్గర, గోదావరి గట్టుకి ఆనుకుని ఉండేది. గట్టెక్కి నిలబడితే అవతలి ఒడ్డున యానాం కనిపించేది. మా వైపు తెల్లవాళ్ళు వెళ్ళిపోయి స్వతంత్రం వచ్చింది గాని, అవతల ఇంకా ఫ్రెంచివాళ్ళ జెండాయే ఎగిరేది. మా వైపు మద్యనిషేధం పెట్టి కల్లుపాకలు మూయించేశాక, మగవాళ్ళు చాలామందికి అవతల చుట్టాలున్నారన్న సంగతి హఠాత్తుగా గుర్తుకొచ్చింది.

మా ఆయనకి మాత్రం నిజంగానే చుట్టాలుండేవారు. మా అత్తగారి అన్నగారిది యానాంలో బట్టలకొట్టు. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టిన రోజునే మా అత్తగారు పురిటిమంచం పక్కన కూర్చుని "ఇది నా కోడలు" అన్నారట. పదిహేనేళ్ళపాటు రెండిళ్ళలోనూ అదే మాట. తీరా పెళ్ళీడు వచ్చేసరికి యానాం మావయ్యగారు మనసు మార్చుకున్నారు. కొబ్బరితోటలున్న మేనల్లుడికన్నా ఫ్రెంచివాళ్ళ కచేరీలో గుమాస్తా పని చేసే కుర్రాడు నచ్చాడాయనకి. అతన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆ మరుసటేడు కొత్తపేట దగ్గర మా పుట్టింటికి వచ్చి నన్ను చూసుకుని వెళ్ళారు మా అత్తవారు.

ఈ కథంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మాటల మధ్య ముక్కలు ముక్కలుగా దొరికింది. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. పప్పు పలచబడితే "మా అన్నయ్య కూతురి చేతి పప్పు గట్టిగా ఉంటుందమ్మా" అనేవారు. ముగ్గు వంకర పోతే, "అది నాలుగేళ్ళప్పుడే చుక్కలు కలిపేది" అనేవారు. ఆవిడకి అది దెప్పిపొడుపని తెలియదు. నాకు మాత్రం, నా వంటింట్లో కనిపించని ఆడమనిషి ఒకర్తె తిరుగుతున్నట్టుండేది.

కాపురానికొచ్చిన మొదటి వేసవిలో మా ఆయన యానాం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగుమీద కూర్చుని, "అబ్బ, ఏం చల్లదనమే!" అన్నారు.

"ఏంటండీ అది?"

"బీరు. పుదుచ్చేరి నుంచి వచ్చిందంట. ఇది వేసవికాలానికే చేస్తారంట, పలచగా, కొంచెం నారింజ తొక్క వాసనేస్తా. కాకినాడ నుంచి ఐసుగడ్డ తెప్పించి, తొట్టిలో పెట్టేరు. గ్లాసు ఇలా వంచి పోస్తే నురగ పొంగిపోదంట. మరదలు పోసింది."

ఆయన చెయ్యి గాల్లో గ్లాసు పట్టుకున్నట్టు వంచి చూపించారు. చల్లదనం, నారింజ, ఐసుగడ్డ, ఇవేవీ నా చెవికెక్కలేదు. మరదలు పోసింది. అదొక్కటే ఎక్కింది.

ఆ వేసవంతా నేను ఆ గ్లాసుతో పోటీ పడ్డాను. లేత కొబ్బరిబొండం నీళ్ళు మరచెంబులో పోసి, తడిగుడ్డ చుట్టి, తాడు కట్టి బావిలోకి దించి, మధ్యాహ్నం ఆయన తోట నుంచి వచ్చే వేళకి పైకి లాగి ఇచ్చేదాన్ని. సుగంధిపాల వేళ్ళు మరిగించి బెల్లం పానకం పెట్టాను. అల్లం, నిమ్మాకు దంచి వేసి మజ్జిగ చిలికాను. తాటిముంజలు చిదిపి పాలల్లో కలిపాను. ఆయన ఒక్కటీ కాదనకుండా తాగేవారు. "బాగుంది. బాగుందే," అనేవారు. ఆ రెండో 'బాగుందే' కింద ఇంకో మాట ఉన్నట్టు నాకు తెలిసిపోయేది.

ఒకరోజు పట్టుబట్టి అడిగాను. "అయితే ఏం తక్కువైందో చెప్పండి."

"తక్కువేం లేదే. అది నాలిక్కి గుచ్చుకుంటాది. ఆ గుచ్చుకోడం ఉందే..."

గుచ్చుకోవాలి కాబోలు అని మురమళ్ళ నుంచి గోలీసోడాలు తెప్పించి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి ఇచ్చాను. ఆయన గటగటా తాగి పెద్దగా త్రేన్చి, "ఇది సోడా," అన్నారు.

ఈ పోటీలో లాభపడింది మా అత్తగారు. నేను చేసినవన్నీ రెండో గ్లాసు ఆవిడే తాగేవారు. వడగాడ్పుల్లో కూడా ఆ ఏడు ఆవిడకి తలనొప్పి రాలేదు. "నీ చెయ్యి చల్లనమ్మాయ్," అన్నారొకసారి. ఇంకో రోజైతే ఆ మాటకి పొంగిపోయేదాన్ని. అప్పుడు నాకు కావలసింది ఆవిడ మెప్పు కాదు.

మరుసటేడు వేసవిలోనూ ఆయన వెళ్ళారు. వచ్చి అదే అరుగుమీద కూర్చుని అదే మాట అన్నారు. ఆ తరవాతి ఏడు మావయ్యగారు కొట్టు మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నారని కబురొచ్చింది. మా అత్తగారికి పడవంటే భయం. "నువ్వూ వెళ్ళి చూసి రామ్మా, నా బదులు," అన్నారు నాతో. ఆ మాట కోసం నేను మూడేళ్ళుగా చూస్తున్నానని ఆవిడకి తెలియదు.

ఏ చీర కట్టాలన్నది తెమలడానికి ఒక పూట పట్టింది. చివరికి నెమలిపింఛం రంగు బండారులంక నేతచీర కట్టాను. మా పుట్టింటి వైపు పూతరేకులకి పేరు కదా, మా అమ్మ పంపినవి రేకుడబ్బా నిండా సర్దాను. నువ్వు సీసాలోది పోస్తావు గాని, ఇలాంటివి చెయ్యగలవా అని లోపల్లోపల ఆమెతో వాదన మొదలెట్టేశాను. ఎదుర్లంక రేవుకి చేరేసరికి ఎండకి జడలో మల్లెపూలు వాడిపోయాయి. పడవలో మా ఆయన ఎవరితోనో కొబ్బరి ధరల గురించి మాట్లాడుతున్నారు. నేను అవతలి గట్టు దగ్గరవడం చూస్తూ కూర్చున్నాను.

గుమ్మంలో ఎదురొచ్చిన మనిషిని చూసి మొదట పనిపిల్లేమో అనుకున్నాను. సన్నగా, చామనఛాయగా ఉంది. పై పన్ను ఒకటి ఎత్తు. నవ్వినప్పుడు అరచేత్తో నోరు కప్పుకుంటుంది. మూడేళ్ళుగా నేను మనసులో పెంచి పోషించిన అందగత్తె ఈమేనా అని ఒక క్షణం ప్రాణం తేలికపడింది.

"రా అక్కా! బావా, ఇంత ఎండలోనా తీసుకురావడం? ముందు కాళ్ళమీద నీళ్ళు పోసుకోండి," అంది.

బావ భార్యని కాబట్టి నేను ఆమెకి అక్కనే. అయినా ఆ పిలుపు విని గతుక్కుమన్నాను. ఆమె పీటలు వేసి, మావయ్యగారి కాలికి మందుపట్టీ సరిచేసి, వంటామెకి ఏదో పురమాయించి, మధ్యలో నాతో మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతోంది. ఆ తిరగడంలో హైరానా లేదు. అందంగా ఉంటే ఓర్చుకునేదాన్నేమో గాని, ఆ నెమ్మది ఓర్చుకోలేకపోయాను.

వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "గుత్తివంకాయ బావకి వడ్డించకండమ్మా. ఆయనకి వంకాయ పడదు. ఒళ్ళంతా దురద."

మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు వంకాయ వండి పెడుతున్నాను నేను. ఆయన తింటున్నారు. ఎప్పుడైనా చేతులు గోక్కుంటుంటే తోటలో దురదగొండి తగిలిందేమో అనుకున్నాను. ఈ ఇంట్లో వంటామెకి కూడా తెలిసిన సంగతి నాకు తెలియదు!

భోజనాలకి ముందు బీరు తతంగం జరిగింది. ఆమె భర్త కచేరీ నుంచి వచ్చాడు. తెల్లలాగు, తెల్లచొక్కా, మెత్తగా మాట్లాడే మనిషి. నన్ను చూసి రెండు చేతులూ జోడించి, "వదినగారు మా ఇంటికి రావడం ఇదే మొదలండి, ఆయ్," అన్నాడు. ఊకలో, గోనెసంచిలో చుట్టి కాకినాడ బస్సులో వచ్చిన ఐసుగడ్డ పెరట్లో తొట్టిలో కరుగుతోంది. అందులోంచి సీసాలు తీసి తుడిచి, హాల్లో బల్లమీద పెట్టాడు. ఆమె వచ్చి గ్లాసు వంచింది. ఎలా వంచుతారో నాకు చూడకుండానే తెలుసు, ఆయన ఎన్నోసార్లు చూపించారు కదా. వడకట్టిన నువ్వులనూనె రంగులో ఉంది బీరు. పైన పాలమీద కట్టినట్టు నురగ.

నేను తలుపు పక్కన నిలబడి మా ఆయన మొహమే చూస్తున్నాను. ఆమె గ్లాసు చేతికివ్వగానే ఆయన ఒక గుక్క తాగారు. నుదురు ముడిపడింది. గొంతులో ఆముదం దిగుతున్నట్టు కళ్ళు మూసుకుని మింగారు. ఆమె ఇటు తిరిగేసరికి, మొహం విప్పి, "అబ్బ, ఏం చల్లదనం!" అన్నారు.

ఆమె లోపలికెళ్ళింది. మావయ్యగారూ, ఆ కచేరీ అబ్బాయీ ఏదో మాటల్లో పడ్డారు. మా ఆయన నెమ్మదిగా లేచి, కిటికీ దగ్గరకి గాలికోసం వెళ్ళినట్టు వెళ్ళి, గ్లాసులో మిగిలినదంతా బయట పూలకుండీలో ఒంపేశారు.

ఆయనకి ఆ బీరంటే ఇష్టం లేదు! ఒక్క చుక్క కూడా ఇష్టం లేదు. మరి మూడేళ్ళుగా ఈ ఎండల్లో ఏరు దాటి ఎందుకొస్తున్నట్టు? బీరుకోసం వస్తున్నారనుకున్నంతకాలం నాకు కాస్త ఊరటేనని అప్పుడు అర్థమైంది. భోజనంలో ఏం వడ్డించారో, ఏం తిన్నానో గుర్తులేదు. నేను తెచ్చిన పూతరేకుల్ని అందరూ మెచ్చుకున్నారు. అదీ గుర్తులేదు, తరవాత ఆయన చెబితే తెలిసింది.

తిన్నాక మగవాళ్ళు పడుకున్నారు. మేమిద్దరం పెరటివసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. తొట్టిలో ఐసు కొబ్బరిచిప్పంత మిగిలింది. దాని పక్కన మూత తియ్యని సీసా ఒకటి మునిగి ఉంది.

"అక్కా, అదెలా ఉంటుందో నీకు తెలుసా?" అంది ఆమె.

"నాకెలా తెలుస్తుంది? పోసేదానివి నువ్వు."

"పొయ్యడమే గాని నోట పెట్టలేదు. ఆడవాళ్ళు ముట్టుకుంటే నాన్న ఊరుకోరు. చూద్దామా?"

నేను జవాబు చెప్పేలోగా ఆమె సీసా తీసి, రుబ్బురోలు అంచుకి మూతని ఆనించి గుద్దింది. నురగ పొంగి ఇద్దరి చీరలమీదా పడింది. ఇద్దరం నోళ్ళు కప్పుకుని నవ్వాం. నేను ఆ ఇంట్లో నవ్వుతానని అనుకోలేదు. రెండు ఇత్తడిగ్లాసుల్లో సగం సగం పోసింది.

ఆమె ఒక గుక్క తాగి, కాలవలోకి ఉమ్మేసింది. "ఛీ, వేపకషాయం!"

నేను తాగాను. మొదట చేదే. ఉగాది పచ్చడిలో వేపపువ్వు పంటికింద పడినట్టనిపించింది. ఆ చేదు వెనకాలే ఇంకోటి వచ్చింది. మా పుట్టింట్లో ఆకుమడికోసం విత్తనాలు నానబోసి, సంచిలో మండె కట్టి, మొలకొచ్చాక మూతి విప్పితే ఒక వాసన వస్తుంది. వెచ్చగా, పచ్చిగా, కొంచెం తియ్యగా. చిన్నప్పుడు ఆ సంచిలో మొహం పెట్టి పీల్చినందుకు మా నాన్న తిట్టేవారు. అదే వాసన, ఇప్పుడు ఐసులాగా చల్లగా, నాలిక మీద సూదులు సూదులుగా గుచ్చుకుంటూ గొంతులోకి దిగింది. చివర్న నారింజ తొక్క గిల్లినట్టు ఉంది. పొద్దుటినుంచి ఒంట్లో పట్టిన ఎండంతా ఎవరో చేత్తో తీసేసినట్టయింది.

నా గ్లాసు అయిపోయింది. ఆమెది కూడా తీసుకున్నాను. సీసాలో మిగిలింది కూడా ఒంపుకున్నాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అబ్బో అక్కా!" అంటూ చూస్తోంది.

ఆ ధైర్యం బీరుదే అయ్యుండాలి. అడిగేశాను. "ఆయన్ని చేసుకోవాలని నీకుండేదా?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఉండేది. ఊహ తెలిసినకాణ్ణుంచీ నువ్వు ఫలానావాడి పెళ్ళానివి అంటుంటే ఉండదా అక్కా? మీ పెళ్ళికి నేను రాలేదు, గుర్తుందా? జ్వరం అని కబురు పంపేం. జ్వరం కాదు."

"మరి ఇప్పుడు?"

"ఈయన నన్ను నవ్విస్తారు. నాకు బాగుంది." తొట్టిలో ఐసుముక్కని వేలితో తిప్పుతూ, "నాకు బాగోపోతే ఈ సంగతంతా నీకు చెప్పేదాన్ని కాదు," అంది.

"ఆయనకి?"

"అది నన్నడుగుతావేంటి? ఇంటికెళ్ళి ఆయన్నే అడుగు."

ఆమె అబద్ధం చెప్పి ఉంటే తేలిగ్గా ద్వేషించేదాన్ని. అంత మాట అంత నెమ్మదిగా చెప్పగలిగినందుకు అసూయ ఇంకొంచెం పెరిగింది. అలాంటి మాట నేనెవరికీ చెప్పలేను. ఇప్పుడైతే రాస్తున్నాను గాని, చెప్పలేను.

ఎండ చల్లబడ్డాక పడవెక్కాం. ఇవతల ఎదుర్లంక రేవులో మద్యనిషేధం జవాను ఒకడు నిలబడి, యానాం నుంచి దిగే మగవాళ్ళందరి నోళ్ళూ వాసన చూస్తున్నాడు. మా ఆయన పడవలోనే లవంగాలు నమిలారు. ఒకే ఒక గుక్క తాగిన మనిషి దొంగలాగా చెమటలు కక్కుతున్నారు.

"ఊదండి బాబూ."

ఆయన ఊదారు. జవాను ముక్కు ముడిచి, "లవంగం చాలా నమిలేరండీ," అన్నాడు. ఇంకోసారి ఊదించాడు. ఏమీ తేలక వదిలేశాడు. ఒక సీసా మొత్తం కడుపులో వేసుకున్న నేను పక్కనే నిలబడి ఉన్నాను. "అమ్మగారూ, తమరు వెళ్ళండి, తడి ఉంది, జాగర్త," అని దారి ఇచ్చాడు.

ఒంటెద్దు బండిలో ఇంటికి బయల్దేరాం. గట్టుమీద ఎత్తుపల్లాలకి బండి ఊగుతుంటే నాకు త్రేన్పు వచ్చింది. ఆపుకోలేకపోయాను. మా ఆయన తల తిప్పి చూశారు.

"ఏంటే ఆ వాసన?"

నేను బండి బయటికి మొహం తిప్పుకున్నాను.

"నువ్వు తాగేవా?"

"తాగేను."

బండివాడు వింటున్నాడని ఆయన గొంతు తగ్గించారు. "ఎవరు పోసేరు?"

"ఎవరో ఒకరు పోసేరు."

"అతనా? నేను పడుకున్నప్పుడా?"

ఆయన అడుగుతున్నది కచేరీ అబ్బాయి గురించని నాకు అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. ఆ మొహంలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. మూడేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నదే. చెప్పేద్దామనుకుని, నోరు మూసుకున్నాను. బండి గట్టు దిగి మా తోట మలుపు తిరిగింది. అప్పుడు ఉన్నట్టుండి అడిగారు.

"గ్లాసు వంచి పోసేడా?"

నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

ఆ వారమంతా ఆయన నిప్పులమీద ఉన్నట్టున్నారు. అన్నం దగ్గర, తోటకెళ్తూ, ఏదో ఒక వంక పెట్టి ఆ సంగతే తీసుకొచ్చేవారు. "అతను చాలా మాటకారి కదా?" అనేవారు. "ఆయ్, మంచివారండీ," అనేదాన్ని. ఆయన అలా ఉడికిపోతుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అదివరకు నన్ను చూడకుండానే మజ్జిగ గ్లాసు అందుకునే మనిషి, ఇప్పుడు నేను గుమ్మం దాటితే తలెత్తి చూస్తున్నారు.

చివరికి ఒక సాయంత్రం కొబ్బరికాయల రాశి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అన్నాను. "పోసింది మీ మరదలు. పెరట్లో. ఆవిడ ఉమ్మేసింది, నేను తాగేను."

ఆయన ఊపిరి వదిలారు. వెంటనే నేను రెండోది అడిగాను. "నచ్చనిది మీరెందుకు తాగుతారండీ? కుండీలో పొయ్యడం చూసేను."

ఆయన ఒక కాయ తీసుకుని పీచు లాగుతూ అన్నారు. "మావయ్య నన్ను కాదని అతన్ని తెచ్చుకున్నాడు. మట్టి పిసుక్కునేవాడు ఎందుకని. ఏడాదికోసారి వెళ్ళి, వాళ్ళు తాగేది నేనూ తాగగలనని ఆ బల్ల దగ్గర కూచుని చూపించాలి. అంతే."

"అంతేనా?"

"అంతేనే."

సగం నిజం అనుకున్నాను. మిగతా సగం కోసం తవ్వలేదు. మరదలు జ్వరం కాని జ్వరం సంగతి ఆయనకి చెప్పనూ లేదు. వంకాయ మాట మాత్రం అడిగాను.

"నువ్వు అంత ముచ్చటపడి వండుతుంటే ఎలా చెప్పనే?" అన్నారు, చెయ్యి గోక్కుంటూ.

ఆ తరవాత మా ఇంట్లో వంకాయ వండలేదు. యానాం వెళ్ళాలన్న తొందర కూడా ఆయనకి పోయింది. మరుసటేడు వేసవిలో "వెళ్దామా?" అని నేనడిగితే, "ఎండ," అన్నారు. నేను పట్టుబట్టి లాక్కెళ్ళాను. పెరట్లో ఆమె నాకోసం ఒక సీసా దాచిపెట్టింది. ఆమె మజ్జిగ తాగింది, నేను బీరు తాగాను. ఇంకో వేసవి కూడా అలాగే జరిగింది.

తరవాత ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. యానాం కూడా మనలో కలిసింది. అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను. కచేరీ అబ్బాయికి పుదుచ్చేరిలో పని ఇచ్చారు. మావయ్యగారు కొట్టు అమ్మేసి కూతురితో వెళ్ళడానికి ఒప్పుకున్నారు. వెళ్ళే ముందు రోజు ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. పెళ్ళయ్యాక మా గుమ్మం ఎక్కడం అదే మొదలు.

మా అత్తగారు ఆమెని గట్టిగా పట్టుకుని, "నా తల్లీ, నా తల్లీ," అని ఏడ్చారు. నేను పళ్ళెంలో పసుపుకుంకుమ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ జబ్బు పడితే నిద్ర మానుకుని చేసినదాన్ని నేను. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా అలా పట్టుకోలేదు. ఆ పూట కూడా, వెళ్ళిపోతున్న మనిషిని చూస్తూ కూడా, నా కడుపులో అదే మంట.

ఆమె నా దగ్గరకొచ్చి, "అక్కా, అక్కడ వేసవి బీరు ఏడాదంతా దొరుకుతుందేమో. రా, పోస్తాను," అంది.

"నేనెక్కడ, పుదుచ్చేరి ఎక్కడ?" అన్నాను. ఆ బీరు వచ్చే ఊరు కూడా ఆమెదే అయిపోయింది.

మా ఆయనా నేనూ రేవుదాకా వెళ్ళి ఆమెని పడవెక్కించాం. పడవ సగం ఏరు దాటేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. మా ఆయన గట్టుమీంచి కదల్లేదు.

"బాధగా ఉందా అండీ?" అని అడిగాను.

"ఆయ్," అన్నారు, దాచుకోకుండా.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది నాకే. ఎవరికోసం ఏడుస్తున్నావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పెరట్లో పీటమీద కూర్చుని ఉన్నారు.

"ఈపాటికి అది ఇల్లు చేరుంటుందా అమ్మాయ్?"

"చేరే ఉంటుందండీ," అన్నాను. చీర మార్చుకుని పొయ్యి ముట్టించాను.